థియాగో సిల్వా: ఆడని మ్యాచ్‌తో గుర్తుండిపోయిన డిఫెండర్ (ప్రసంగ పాఠం)

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్తే. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే. ముందు కొన్ని బ్రెజిల్ జెర్సీలు కనిపిస్తున్నాయి, అన్నీ నెయ్‌మార్ పదో నంబర్లే, డిఫెండర్ జెర్సీ ఒక్కటీ లేదు. మీ తప్పేం కాదులెండి, షాపులో కూడా దొరకదు. బ్రెజిల్ ఫుట్‌బాల్ మీద మాట్లాడమన్నారు, ఎవరి గురించైనా పర్లేదన్నారు, అంత స్వేచ్ఛ ఇచ్చాక నేను ఊరుకుంటానా, ఇవాళంతా ఒక్క సెంటర్ బ్యాక్ గురించే మాట్లాడతా, అంటే గోల్ ముందు నడిమధ్య కాపు కాసే డిఫెండర్. థియాగో సిల్వా.

ముందు ఒక ప్రశ్న. 2014 జులై 8, బెలో హొరిజాంటేలో వరల్డ్ కప్ సెమీ ఫైనల్, జర్మనీ 7, బ్రెజిల్ 1. గుర్తుందిగా? ఆ రోజు బ్రెజిల్ కెప్టెన్ ఎవరు? ... కాదు. సిల్వా కాదు. డేవిడ్ లూయిజ్. సిల్వాకి ఆ మ్యాచ్‌లో సస్పెన్షన్, బయట కూర్చున్నాడు. చూడండి, పద్దెనిమిది ఇరవై ఏళ్ళు పైస్థాయిలో ఆడిన మనిషి, నూట పదమూడు మ్యాచ్‌లు దేశానికి ఆడాడు, నాలుగు వరల్డ్ కప్‌లకి వెళ్ళాడు, యూరప్ క్లబ్బుల్లో అన్నిటికంటే పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, అయినా అతని పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది అతను ఆడని మ్యాచ్. డిఫెండర్ బతుకు అంత అన్యాయంగా ఉంటుంది. స్ట్రైకర్ పది ఛాన్సులు వదిలేసి పదకొండోది కొడితే హీరో. డిఫెండర్ పది ఆపి పదకొండోది వదిలితే ఆ పదకొండోదే రిప్లేలో వస్తుంది.

సరే, మొదట్నించీ వద్దాం. 1984లో రియోలో పుట్టాడు, పెరిగింది సాంతా క్రూజ్‌లో, సిటీకి బాగా పశ్చిమాన ఉంటుంది, మీరు పోస్ట్‌కార్డుల్లో చూసే బీచ్‌లకి అక్కణ్ణుంచి చాలా దూరం. ఫ్లుమినెన్సే అకాడమీలో కొన్నాళ్ళు ఉన్నాడు, తర్వాత సిటీలో కొన్ని క్లబ్బులు ట్రయల్స్‌లో వద్దన్నాయి, చివరికి దక్షిణాదిన రియో గ్రాండే దో సుల్‌లో ఆర్ ఎస్ ఫుట్‌బాల్ అనే చిన్న క్లబ్‌లో చేరాడు, అక్కణ్ణుంచి జువెంతూద్. ఈ జువెంతూద్‌లో కోచ్ ఇవో వోర్ట్‌మన్, ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

2004లో పోర్చుగల్ క్లబ్ పోర్తో తీసుకుంది. 2004 పోర్తో అంటే మామూలు క్లబ్ కాదు, ఆ మే నెలలోనే కోచ్ మొరీన్యోతో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన పోర్తో. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు యూరప్ ఛాంపియన్స్ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి ఎక్కడ ఆడాడు? బీ టీమ్‌లో. మెయిన్ టీమ్‌కి ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఒంట్లో బాగుండట్లేదు, ఎందుకో ఎవరికీ తెలీదు. తర్వాత ఏడాది మాస్కో పంపించారు, డైనమో మాస్కో. అప్పట్లో డైనమో వాళ్ళ దగ్గర డబ్బుంది, పోర్చుగల్ నుంచి వరసపెట్టి కొన్నారు, మానిష్, కొస్తీన్యా, డెర్లే, అందర్నీ. ఆ గుంపులో మనోడు కూడా.

మాస్కోలో తేలింది, టీబీ అని. ముదిరిపోయిన టీబీ. దాదాపు ఆరు నెలలు ఆస్పత్రిలో. ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేయాలా అన్న మాట కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, భాష రాదు, బయట మంచు, రోజూ గుప్పెడు మాత్రలు, సూదులు. డైనమోకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆట మానేద్దాం అనుకున్నాడు, వాళ్ళమ్మ వద్దని ఆపింది. ఇవన్నీ తర్వాత అతనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా. మనం ఎక్కడున్నాం? సికింద్రాబాద్‌లో. ఇక్కడి అమ్ముగూడలో పుట్టినవాడే తులసీదాస్ బలరాం. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ... పర్లేదు, పెద్దవాళ్ళందరికీ తెలుసు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనకి గోల్డ్ వచ్చింది, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, ముందు వరసలో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం. ఆ మరుసటి ఏడాదే, 1963లో, బలరాం ఆట ఆపేయాల్సొచ్చింది. కారణం టీబీయే. అప్పటికి ముప్పై కూడా రాలేదు ఆయనకి. 2023లో పోయారు. రోగం అదే, ఒకాయన ఆట అక్కడితో అయిపోయింది, ఇంకొకతను లేచొచ్చి ఇంకో పంతొమ్మిదేళ్ళకి పైగా ఆడాడు. ఎవరిది ఎక్కువ పట్టుదల అని పోల్చడానికి చెప్పట్లేదు, అలా పోల్చడం తప్పు కూడా. కాలం వేరు, వైద్యం వేరు. ఇంకో సంగతి, ఇవాళ్టికీ ప్రపంచంలో టీబీ కేసులు ఎక్కువ ఉన్న దేశం మనదే, కాబట్టి దగ్గు తగ్గట్లేదంటే గ్రౌండ్‌కి రాకుండా డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి చెప్తున్నా.

2006లో రియోకి తిరిగొచ్చాడు, ఫ్లుమినెన్సే తీసుకుంది. ఎందుకు తీసుకుంది? అప్పుడక్కడ కోచ్ ఇవో వోర్ట్‌మన్. చెప్పా కదా మళ్ళీ వస్తాడని. మాస్కోలో కూడా కోచ్‌గా ఉన్నాడాయన. లోకం అంతా మర్చిపోయిన కుర్రాణ్ణి గుర్తుపెట్టుకున్న మనిషి ఒక్కడుంటే చాలు, కెరీర్ నిలబడుతుంది. 2007లో బ్రెజిల్ కప్ గెలిచారు, అప్పటికి కోచ్ రెనాటో గౌషో. 2008లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబెర్తదోరెస్ ఫైనల్ దాకా వెళ్ళి ఎక్వడార్ టీమ్ ఎల్ డి యు చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయారు. మరకానాలో, సొంత జనం ముందు. అప్పటికే జనం అతన్ని మాన్స్టర్ అని పిలవడం మొదలుపెట్టారు, వాళ్ళ భాషలో మోన్స్‌ట్రో.

తర్వాత ఇటలీ క్లబ్ మిలాన్. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 2009 జనవరిలో చేరాడు, సుమారు కోటి యూరోలు. కానీ యూరప్ బయటి ఆటగాళ్ళకి కోటా ఉంటుంది కదా, ఆ కోటా నిండిపోయింది, అందుకని సీజన్ అయ్యేదాకా అఫీషియల్ మ్యాచ్ ఆడటానికి లేదు. ఆరు నెలలు ప్రాక్టీసే. వేరేవాళ్ళైతే ఏడుస్తారు. కానీ ఆ ఆరు నెలలు రోజూ పక్కన ప్రాక్టీస్ చేస్తోంది ఎవరు? ఇటలీ దిగ్గజ డిఫెండర్ పావ్లో మాల్దీనీ, అతని ఆఖరి సీజన్ అది, నలభై ఏళ్ళు. ఇంకో పక్క నెస్టా. సెంటర్ బ్యాక్ కావాలనుకున్నవాడికి ఇంతకంటే పెద్ద యూనివర్సిటీ ఉందా?

అక్కడ ఏం నేర్చుకున్నాడు? ఇది కాస్త వివరంగా చెప్తా, ఓపిక పట్టండి, ఎందుకంటే ఇవాళ నేను వచ్చిందే దీనికోసం. మనం డిఫెండర్ అంటే ఏమనుకుంటాం? జారుకుంటూ వచ్చి ట్యాకిల్ చేసేవాడు, ఎగిరి హెడ్ కొట్టేవాడు. సిల్వా ఆరడుగులుంటాడు అంతే, సెంటర్ బ్యాక్‌కి అది పెద్ద ఎత్తు కాదు. అతని ఆటలో నేలమీద పడే ట్యాకిళ్ళు కూడా తక్కువ. మరి ఎలా ఆపుతాడు? చూసి ఆపుతాడు. క్రికెట్లో డైవ్ కొట్టి క్యాచ్ పట్టినవాడికి చప్పట్లు కొడతాం, బౌలర్ పరుగు మొదలెట్టినప్పుడే రెండడుగులు పక్కకి జరిగి, నిలబడి సింపుల్‌గా పట్టినవాడికి కొడతామా? సిల్వా ఆ రెండోవాడు.

ఇంకా స్పష్టంగా చెప్తా. ఎదుటి టీమ్ మిడ్‌ఫీల్డర్ దగ్గర బంతి ఉంది. సెంటర్ బ్యాక్ ఏం చూడాలి? బంతిని కాదు, అతని తలని చూడాలి. తల దించుకున్నాడు, బంతి కాళ్ళ కింద ఇరుక్కుంది, వెనక నుంచి మనవాడొకడు మీదకొస్తున్నాడు, అంటే ఇప్పట్లో పొడుగు పాస్ రాదు, కాబట్టి డిఫెండర్ల లైన్ రెండు మూడు గజాలు ముందుకి జరగొచ్చు. అదే తల పైకెత్తాడు, ముందు ఖాళీ ఉంది, కాలు వెనక్కి లాగాడు, అంటే పాస్ వస్తోంది, ఇప్పుడు ముందుకెళ్తే చచ్చాం, వెనక్కి తిరిగి పరుగు మొదలెట్టాలి. బంతి కాలు వదిలాక కాదు, వదలకముందే. స్ట్రైకర్ స్పీడున్నవాడైతే ఆ అర సెకనే తేడా. ఈలోగా ఒంటిని సగం పక్కకి తిప్పి ఉంచాలి, పూర్తిగా ఎదురుగా నిలబడితే తిరగడానికే టైమ్ అయిపోతుంది. భుజం మీద నుంచి వెనక్కి చూసుకుంటూ ఉండాలి, వెనక ఎవడున్నాడు, ఎటు జారుతున్నాడు అని. ఇవన్నీ ఒకేసారి, తొంభై నిమిషాలు. సిల్వా దీన్ని ఎంత ఈజీగా చేస్తాడంటే చూసేవాడికి ఇతను ఏమీ చేయట్లేదేంటి అనిపిస్తుంది. ఏమీ చేయనట్టు కనిపించడమే ఆ పనిలో గొప్పతనం. టీవీలో ఇంకో ఇబ్బంది, కెమెరా బంతి వెంట పోతుంది, ఇతను చేసే పని సగం ఫ్రేమ్ బయటే జరిగిపోతుంది.

2010-11లో మిలాన్ లీగ్ గెలిచింది, ఏడేళ్ళ తర్వాత. నెస్టా, సిల్వా జోడీ. 38 మ్యాచ్‌ల్లో టీమ్ మొత్తం ఇచ్చిన గోల్స్ 24. మరుసటి ఏడాది 2012 వేసవిలో మిలాన్ ఖర్చులు తగ్గించుకోవాలని ఇబ్రహిమోవిచ్‌ని, సిల్వాని, ఇద్దర్నీ పారిస్ క్లబ్ పీఎస్‌జీకి అమ్మేసింది. సిల్వాకి సుమారు 4 కోట్ల 20 లక్షల యూరోలు. మిలాన్ ఫ్యాన్స్ ఇప్పటికీ ఆ వేసవి గురించి తిట్టుకుంటారు. మళ్ళీ లీగ్ గెలవడానికి వాళ్ళకి 2022 దాకా పట్టింది.

పారిస్‌లో ఎనిమిదేళ్ళు, ఎక్కువ భాగం కెప్టెన్, ఏడు లీగ్ టైటిల్స్. లీగ్ గురించి ఎక్కువ చెప్పను, పీఎస్‌జీ డబ్బుకి అక్కడ పోటీ ఎవరు? అసలు పరీక్ష ఛాంపియన్స్ లీగ్. అక్కడికొచ్చే ముందు 2014 సంగతి తేల్చేద్దాం.

జూన్ 28, చిలీతో ప్రీక్వార్టర్స్. 1-1, పెనాల్టీలు. సొంత దేశం, సొంత జనం, గెలవకపోతే క్షమించరు. సిల్వా పెనాల్టీ కొట్టనన్నాడు, కొట్టాల్సొస్తే అందరికంటే ఆఖర్న, గోల్ కీపర్ జూలియో సీజర్ తర్వాత నన్ను పెట్టండన్నాడు. బంతి మీద కూర్చుని, టీమ్‌కి వీపు తిప్పి, ఏడ్చాడు. కెప్టెన్! బ్రెజిల్ అంతా గోల గోల, వీడేం కెప్టెన్, మెంటల్‌గా వీక్, సైకాలజిస్ట్‌ని పిలవండి అని.

నాకు ఆ ఏడుపుతో ఏ సమస్యా లేదు. ఏడ్చాడు, ఏడిస్తే ఏమైంది? టీబీ వార్డులో ఆరు నెలలు పడి లేచొచ్చిన మనిషిని పట్టుకుని టీవీ ముందు కూర్చుని వీక్ అనడానికి నోరెలా వస్తుంది? నా కంప్లైంట్ వేరే. నా కంప్లైంట్ ఆ తర్వాతి మ్యాచ్ గురించి. జులై 4, ఫోర్తలెజా, కొలంబియాతో క్వార్టర్స్. ఏడో నిమిషంలో నెయ్‌మార్ కార్నర్, సిల్వానే గోల్ కొట్టాడు. అద్భుతంగా ఆడుతున్నాడు. అరవై నాలుగో నిమిషంలో కొలంబియా గోలీ ఓస్పీనా చేతిలోంచి బంతి వదిలి తన్నబోతుంటే, మనోడు వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. ఎల్లో కార్డ్. టోర్నీలో రెండోది, కాబట్టి సెమీస్‌కి లేడు. ఎందుకు వెళ్ళాడు? అక్కడ వచ్చేదేముంది? గోల్ వస్తుందా? రాదు. టీమ్ ముందుంది, డిఫెండర్‌వి, నీ గోల్‌కి తొంభై గజాలకి పైగా దూరంలో ఎదుటి గోలీతో ఏం పని నీకు? ఇరవై గజాల అవతల జరగబోయేది ముందే చదివేసే మనిషి, ఆ ఒక్క సెకను తర్వాత ఏమవుతుందో చదవలేకపోయాడు. బ్రెజిల్ ఫెడరేషన్ అప్పీల్ చేసింది, ఫీఫా కుదరదంది. అదే మ్యాచ్‌లో నెయ్‌మార్ వెన్నెముక విరిగింది. తర్వాత జరిగింది మీకు తెలుసు, సిల్వా చోట్లో దాంతే, డేవిడ్ లూయిజ్ తన ప్లేస్ వదిలేసి ముందుకి పరుగులు, ఆరు నిమిషాల్లో నాలుగు గోల్స్.

సిల్వా ఉంటే ఏడు పడేవా? ఏడు పడేవి కావు, నా అభిప్రాయం. ఓడిపోయేవాళ్ళేమో, జర్మనీ అంత బాగుంది. కానీ 2-0 అయ్యాక లైన్‌ని పట్టుకుని అందర్నీ వెనక్కి లాగి ఊపిరి పీల్చుకునే మనిషి ఆ రోజు గ్రౌండ్‌లో లేడు. సెమీ తర్వాత మూడో ప్లేస్ మ్యాచ్‌కి తిరిగొచ్చాడు, రెండో నిమిషంలోనే నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్‌ని లాగి పెనాల్టీ ఇచ్చాడు, నిజానికి లాగింది బాక్స్ బయట, రెడ్ పడాల్సింది ఎల్లోతో సరిపోయింది, ఆ వారమే అలాంటిది. ఆ తర్వాత కోచ్‌గా దుంగా వచ్చి కెప్టెన్సీ నెయ్‌మార్‌కి ఇచ్చేశాడు.

అయితే సిల్వాని మరీ దేవుణ్ణి చేయడం కూడా నాకిష్టం లేదు. 2017 గుర్తుందా, ఛాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనా? రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటి మ్యాచ్ పారిస్‌లో 4-0, పీఎస్‌జీ చితక్కొట్టింది. ఆ మ్యాచ్‌లో సిల్వా లేడు, గాయం, ఆ ప్లేస్‌లో కింపెంబే అనే కుర్రాడు ఆడాడు. రెండో మ్యాచ్‌కి సిల్వా వచ్చాడు, కుర్రాడు బెంచ్ మీదకి. స్కోర్? బార్సిలోనా 6, పీఎస్‌జీ 1, పీఎస్‌జీ బయటికి. ఎనభై ఎనిమిదో నిమిషం నుంచి మూడు గోల్స్. అంటే లెక్క సమానం అయిపోయింది కదా, అతను లేనప్పుడు ఏడు, అతను ఉన్నప్పుడు ఆరు! (నవ్వకండి, పారిస్ వాళ్ళు వింటే కొడతారు.) ఆ రోజు లైన్ మొదటి నిమిషం నుంచే సొంత బాక్స్‌లో ఉంది. అంత లోపల నిలబడితే ఇందాక చెప్పిన చదవడం, ముందే జరగడం, ఏదీ పనికిరాదు, ఎందుకంటే జరగడానికి వెనక చోటే లేదు. లైన్‌ని పైకి తేవాల్సింది కెప్టెనే. తేలేదు. భయం వేస్తే వెనక్కి జరగడం, అదొక్కటీ అతని ఆటలో నిజమైన బలహీనత, అది ఒప్పుకోవాలి.

దానికి రెండేళ్ళ ముందు, 2015 మార్చిలో, అదే మనిషి లండన్ క్లబ్ చెల్సీ గ్రౌండ్‌లో ఎక్స్‌ట్రా టైమ్‌లో చెయ్యి తగిలించి పెనాల్టీ ఇచ్చాడు, ఇక అయిపోయింది అనుకున్నారు, 114వ నిమిషంలో హెడర్‌తో తనే గోల్ కొట్టి పదిమందితో ఆడుతున్న టీమ్‌ని క్వార్టర్స్‌కి తీసుకెళ్ళాడు. ఈ మనిషి కెరీర్‌ని ఒక్క మాటలో తేల్చేద్దాం అనుకునేవాళ్ళకి నేను ఈ రెండు మ్యాచ్‌లు పక్కపక్కన చూపిస్తా.

2020 ఆగస్టు, లిస్బన్, పీఎస్‌జీ మొదటిసారి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, బయర్న్ మీద 1-0 తేడాతో ఓటమి. అదే సిల్వా ఆఖరి మ్యాచ్, కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఇక్కడో తమాషా ఉంది. పీఎస్‌జీలో ఆ నిర్ణయం తీసుకున్న డైరెక్టర్ లియోనార్దో, బ్రెజిల్ వాడే. సిల్వా మిలాన్‌లో ఆడటం మొదలెట్టినప్పుడు కోచ్ ఇతనే. 2012లో పారిస్‌కి కొన్నదీ ఇతనే. వద్దని పంపించేసిందీ ఇతనే. సిల్వాకి ముప్పై ఆరు నిండబోతోంది, డైరెక్టర్ కుర్చీలోంచి చూస్తే అది తప్పని కూడా అనలేం.

కొద్దిరోజుల్లోనే చెల్సీ ఫ్రీగా తీసుకుంది, ఒక్క ఏడాది కాంట్రాక్ట్. ఇంగ్లాండ్‌లో అందరూ ఒకటే మాట, ఇక్కడి స్పీడ్‌కి ముసలాడు ఆగడు అని. మొదటి లీగ్ మ్యాచ్ వెస్ట్ బ్రామ్‌తో, కెప్టెన్ బ్యాండ్ కూడా ఇచ్చారు, బంతి కాలి కింద నుంచి జారిపోయింది, గోల్. హాఫ్ టైమ్‌కి 3-0 వెనక. మ్యాచ్ 3-3 అయింది గానీ, ఆ సాయంత్రం ట్విట్టర్ చూడాల్సింది. చూశాం కదా, అయిపోయాడు, ఇంటికి పంపండి.

2021 జనవరిలో చెల్సీకి కోచ్‌గా టుకెల్ వచ్చాడు, పారిస్‌లో సిల్వాకి కోచ్ అతనే. వచ్చి చేసిన పని సింపుల్, వెనక ముగ్గుర్ని పెట్టాడు, నడిమధ్య సిల్వా. అటూ ఇటూ పరిగెత్తడానికి రూడిగర్, అస్పిలిక్వేటా ఉన్నారు, నువ్వు మధ్యలో నిలబడి చదువు చాలు. కాళ్ళ పని వాళ్ళది, కళ్ళ పని నీది. నాలుగు నెలల్లో ఛాంపియన్స్ లీగ్. మే 29న ఫైనల్, మాంచెస్టర్ సిటీ మీద 1-0. స్టేడియం ఏదో తెలుసా? పోర్తో వాళ్ళ డ్రాగావ్. పంతొమ్మిదేళ్ళప్పుడు ఏ క్లబ్ మెయిన్ టీమ్‌లో అడుగు పెట్టలేకపోయాడో, ముప్పై ఆరేళ్ళకి ఆ గ్రౌండ్‌లో. అక్కడ కూడా ముప్పై తొమ్మిదో నిమిషంలో గాయం, బయటకొచ్చేశాడు, మిగతాది బెంచ్ మీద నుంచే చూశాడు. కానీ కప్పు ఎత్తాడు.

ఒక్క ఏడాది అన్న కాంట్రాక్ట్ నాలుగేళ్ళు సాగింది, 155 మ్యాచ్‌లు. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో కూడా ప్రీమియర్ లీగ్‌లో గోల్ కొట్టాడు. మధ్యలో 2022 ఖతార్, మళ్ళీ బ్రెజిల్ కెప్టెన్, కొరియా మీద రిచార్లిసన్ కొట్టిన గోల్‌కి పాస్ ఇచ్చింది ఇతనే, సెంటర్ బ్యాక్ బాక్స్ దగ్గర అలాంటి పాస్ ఇస్తే చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత క్రొయేషియాతో పెనాల్టీల్లో ఓటమి, వరల్డ్ కప్ కల అక్కడికి సరి.

2024లో ఫ్లుమినెన్సేకి తిరిగెళ్ళాడు. రిటైర్మెంట్ సంబరంలాగా వెళ్ళలేదండోయ్, వెళ్ళేసరికి టీమ్ లీగ్‌లో అట్టడుగున ఉంది. కిందా మీదా పడి బయటపడ్డారు. 2025 క్లబ్ వరల్డ్ కప్‌కి అమెరికా వెళ్ళారు. కోచ్ ఎవరు? రెనాటో గౌషో, 2007లో బ్రెజిల్ కప్ గెలిపించిన అదే రెనాటో. ఇంటర్ మిలాన్‌తో మ్యాచ్‌కి వెనక ముగ్గుర్ని పెట్టాడు, మధ్యలో నలభై ఏళ్ళ సిల్వా. అప్పటికి నెల కిందటే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన ఇంటర్! 2-0, ఫ్లుమినెన్సే గెలిచింది. తర్వాత అల్ హిలాల్‌ని కొట్టి సెమీస్. అక్కడ ఎదురొచ్చింది చెల్సీ. రెండు గోల్స్ కొట్టి ఓడించింది జొవావ్ పెద్రో, ఫ్లుమినెన్సే అకాడమీ కుర్రాడే. అందుకే గోల్ కొట్టి కూడా సంబరం చేసుకోలేదు.

టైమ్ చూస్తున్నారు నిర్వాహకులు, తెలుసు, ఆపేస్తా. ప్రొజెక్టర్ రెడీ అయిందంట. ఇప్పుడు 2021 ఫైనల్ మొదటి ముప్పై తొమ్మిది నిమిషాలు వేస్తున్నాం, ఆరో నంబర్ బ్లూ జెర్సీ. ఒక్క రిక్వెస్ట్, బంతిని వదిలేసి అతన్నే చూడండి. ఫ్రేమ్‌లో ఉన్నంతసేపు తల ఎటు తిరుగుతోందో, ఎప్పుడు వెనక్కి జరుగుతున్నాడో, పక్కవాళ్ళకి చేత్తో ఏం చూపిస్తున్నాడో. పిల్లలు, డిఫెన్స్ ఆడేవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ప్రశ్నలు ఆ తర్వాత. ఆ లైట్లు కాస్త ఆపుతారా?